ఆవలిదిన్నెలో శెనక్కాయ గెలాక్సీలు

నమోదు 1

కొత్త యంత్రాన్ని పెట్టెలోంచి తీసి, విరిగిందేమీ లేదని చూసుకుని, సంతకం పెట్టాను. సంతకం పెట్టినంత మాత్రాన దాన్ని నమ్మినట్టు కాదు. దాని పేరు నేత్రి, అన్నం గిన్నె కంటే పెద్దదేమీ కాదు. దాన్ని భూమి నుంచి వెంటబెట్టుకుని వచ్చిన ఇంజినీరు సువర్చల, కాకినాడ మనిషి. దిగీ దిగగానే నవ్వింది. చంద్రుడి మీద దిగినవాళ్లకు మొదటి పూట కడుపులో తిప్పుతుంది, ఎవరూ నవ్వరు. ఈమె నవ్వింది. ఆ సంగతి మొదటే రాసి పెడుతున్నాను.

ఈ నమోదులు చదివేది భూమి మీది పరిశీలక మండలి కాబట్టి నా గురించి కూడా చెప్పాలి. నా పేరు ఈరమ్మ. ఆవలిదిన్నెలో అందరూ ఎదురుగా ఈరక్క అంటారు, చాటుగా అనుమానాల ఈరక్క అంటారు. ఇక్కడ గోడలు పలచన, చాటుగా అన్నదీ నాకు వినబడుతుంది. ఎప్పుడూ ఉలుక్కోలేదు. అనుమానించడమే నా ఉద్యోగం.

మా దిన్నె చంద్రుడి ఆవలి ముఖం మీద ఉంది. ఇక్కడి నుంచి భూమి ఎప్పటికీ కనబడదు. దాని వెలుతురు అడ్డం లేదు కాబట్టి దూరపు గెలాక్సీలు శుభ్రంగా కనబడతాయి. నేను తొమ్మిదేళ్లప్పుడు అమ్మానాన్నలతో అనంతపురం నుంచి వచ్చాను. తమ్ముడు కదిరప్ప ఇక్కడే పుట్టాడు. పెద్దవాళ్లిద్దరూ పోయాక వాడిని పెంచింది నేనే. వాడు తోటగదిలో శెనక్కాయ పండిస్తాడు, నేను ఏరుడు గదిలో గెలాక్సీలు ఏరుతాను.

నమోదు 2

ఏరుడు అంటే ఏమిటో మండలిలో కొత్తవాళ్ల కోసం రాయమన్నారు. రాస్తున్నాను.

కొన్ని గెలాక్సీల నడిమధ్య నక్షత్రాలు కడ్డీలా బారుగా పేరుకుని ఉంటాయి. కాలం గడిచేకొద్దీ కొన్నింటిలో ఆ కడ్డీ మధ్యభాగం పైకీ కిందికీ ఉబ్బుతుంది. పక్కనుంచి చూస్తే ఆ ఉబ్బు అచ్చం శెనక్కాయలాగే ఉంటుంది, రెండు బుర్రలు, మధ్యలో నొక్కు. మా దిన్నెకు వచ్చినవాళ్లంతా శెనక్కాయ చేలల్లో పుట్టినవాళ్లు కాబట్టి ఆ పోలిక ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని పడలేదు. ఏ గెలాక్సీలో కాయ ఉంది, దేనిలో లేదు అన్నది చూసి చెప్పడమే మా పని.

ఇద్దరం వీపూ వీపూ ఆనించి కూర్చుంటాం, నేనూ లింగమయ్య మామా. ఇద్దరికీ ఒకే బొమ్మ వస్తుంది. కాయ ఉందనిపిస్తే ఎవరి డబ్బాలో వాళ్లం ఒక శెనక్కాయ వేస్తాం, లేదనిపిస్తే ఒట్టి తొక్క. కాయ పడ్డ చప్పుడు వేరు, తొక్క పడ్డ చప్పుడు వేరు. పక్కవాడి చప్పుడు విని మనసు మార్చుకోకూడదని డబ్బాల అడుగున గుడ్డ పరిచింది నేనే.

గెలాక్సీ బరువెంతో ఏరేవాళ్లకు తెలియకూడదు. అది తూకం గదివాళ్లు విడిగా కట్టి, తాళం వేసి ఉంచుతారు. బొమ్మలన్నీ ఒకే సైజుకు సాగదీసి పంపుతారు, పెద్దదేదో చిన్నదేదో పోల్చుకోలేకుండా. అనంతపురంలో మా అవ్వ కాయలు ఏరే కూలికి పోయేది. బస్తా ఎవరి చేనిదో ఏరేవాళ్లకు కనబడకుండా పేరున్న వైపు గోడకు తిప్పి పెట్టేవారట. పేరు తెలిస్తే చెయ్యి ఒక పక్కకు లాగుతుందని వాళ్ల భయం. ఆ కట్టుబాటే ఇక్కడికీ తెచ్చుకున్నాం.

ఏడాదికోసారి తూకం విప్పి రెండు లెక్కలూ కలుపుతాం. ప్రతి ఏడాదీ ఒకటే తేలుతోంది. బరువైన గెలాక్సీల్లో చాలావాటికి కాయ ఉంది, తేలికవాటిలో దాదాపు లేదు. మధ్యలో గట్టు వేసినట్టు ఒక బరువు, దానికి ఇవతల లేదు, అవతల ఉంది. తేలికవాటిలో వాయువు ఎక్కువ కాబట్టి అది కడ్డీని ఉబ్బనివ్వదని శాస్త్రవేత్తలు కారణం కూడా చెప్పారు. ఆవలిదిన్నెకు పేరు తెచ్చింది ఆ గట్టే.

ఇప్పుడు అసలు సంగతి. నేత్రి కూడా ఇవే బొమ్మలు చూసి కాయ ఉందో లేదో చెప్పే యంత్రం. దాని తీర్పు మా తీర్పుతో కలిస్తే ఏరుడు గది మూసేస్తారు, ఏరుడు మీద బతికే దిన్నె మొత్తాన్ని కిందికి దించుతారు. నేను దిగగలను, పుట్టింది అక్కడే. కదిరప్ప దిగలేడు. వాడి ఎముకలు ఇక్కడి బరువుకు పెరిగినవి. భూమి మీద వాడి గుండె ఒక వర్షాకాలం కూడా లాగదని వైద్యుడు నా మొహం చూడకుండా చెప్పాడు. ఈ మాట మండలికి ముందే తెలుసు. తెలిసే పంపారు నేత్రిని.

నమోదు 3

నేత్రి మాతో కలుస్తోంది. మరీ ఎక్కువగా కలుస్తోంది.

తేలిగ్గా తేలే బొమ్మల సంగతి సరే. మామా నేనూ తలలు పట్టుకున్నవి కొన్ని ఉంటాయి, మబ్బు పట్టినట్టుగా, ఉందో లేదో తెలియనివి. వాటి మీద కూడా నేత్రి క్షణం తడుముకోదు. లేదంటే లేదు, అంతే. కిందటేడు విప్పిన తూకం పక్కన పెట్టి చూశాను. నేత్రి లేదన్నవన్నీ తేలికవే.

చూసింది కాయనా, బరువునా? దానికెవరో బరువు అందిస్తున్నారు. ఎవరో అని మర్యాదకు రాస్తున్నాను.

నమోదు 4

సువర్చల పొద్దస్తమానం తోటగదిలోనే ఉంటోంది. ఏరుడు గదిలో పని పెట్టుకుని తోటలో ఏం పని?

నేను గాలి జల్లెడలు దులిపే వంకతో వెళ్లి చూశాను. కదిరప్ప మోకాళ్ల మీద కూర్చుని, పూల నుంచి దిగి మట్టిలో కాయ కట్టే శెనక్కాయ ఊడలను వేలితో లోపలికి నొక్కుతున్నాడు. ఇక్కడి తక్కువ బరువుకు ఊడలు సరిగా కిందికి దిగవు, పక్కలకు పోతాయి. ఒక్కోదాన్నీ వేలితో దించాలి. ఆమె పక్కనే కూర్చుని తనూ నొక్కుతోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది.

ఆమె వెళ్లాక వాడిని నిలదీశాను.

"ఆయమ్మ ఏమడుగుతాంది రా నిన్ను?"

"ఊడలు ఎందుకు దిగవు అని అడిగె. చెప్తి."

"ఇంకా?"

"ఏరుడు గదిలోకి నువ్వెప్పుడూ పోలేదా అని అడిగె. మా యక్క రానీదు అంటి."

"అదెందుకు ఆయమ్మకి?"

"నాకేం తెల్సు? ఆయమ్మనే అడుగు. నీకు గాలి మీద కూడా అనుమానమే కదక్కా, లోపలికి పీల్చేముందు ఒకసారి చూసుకుంటావు."

నవ్వాడు. వాడి నవ్వు చూస్తే నాకు కోపం నిలవదు, అదొక బలహీనత. కానీ వాడన్నది నిజమే. వాడిని ఏరుడు గది గడప తొక్కనివ్వలేదు. వంటవాళ్లతో సహా దిన్నెలో ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు ఏరుడుకు కూర్చున్నవాళ్లే. కదిరప్ప మాత్రం కూర్చోలేదు. వాడికి నోరు ఆగదు. బొమ్మ చూస్తూ చూస్తూ ఏదో ఒకటి అనేస్తాడు, పక్కవాళ్ల తీర్పు పాడవుతుంది. చిన్నప్పటి నుంచీ గలాటా చేశాడు, నేను వినలేదు.

ఈ అమ్మాయికి అది ఎందుకు కావాలి?

నమోదు 5

అడిగేశాను. మామ ఎదురుగానే అడిగాను, సాక్షి ఉండాలి కదా.

"నేత్రికి బరువులు నువ్వే ఇస్తున్నావా?"

సువర్చలకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అది ఇంకా పెద్ద అనుమానం.

"ఇవ్వట్లేదండీ. రండి, చూద్దురు గాని."

నేత్రి మూత తీసి చూపించింది. లోపలికి వెళ్లే తీగ ఒక్కటే, మా గదిలో బొమ్మ వచ్చే చోటు నుంచి. తూకం గది గోడదాకా నడిచి అడుగడుగూ తడిమి చూశాను. ఇంకో తీగ లేదు. గాలిలోంచి అందుతోందేమోనని నేత్రిని ఇనుప డ్రమ్ములో పెట్టించాను. లింగమయ్య మామకు నవ్వాగలేదు. డ్రమ్ములోంచి కూడా నేత్రి అవే తీర్పులు చెప్పింది.

"నాక్కూడా అనుమానంగానే ఉందండీ. ఇది ఇంత బాగా చెప్పకూడదు. ఎక్కడో ఏదో చూస్తోంది, ఏం చూస్తోందో నాకే అర్థం కావట్లేదు," అంది సువర్చల.

తను తెచ్చిన సరుకును తనే అనుమానించే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. మనిషి నచ్చిందని రాయను. డ్రమ్ము మోయడానికి మాత్రం సాయం పట్టింది.

నమోదు 6

పని రోజు కాదు. బయటి దుమ్ము లోపలికి వచ్చి తోటగది అద్దాలకు పట్టింది. ఈ దుమ్ము టపాకాయ కాల్చిన వాసన వేస్తుంది, తుమ్ములొస్తాయి. మూతికి గుడ్డ కట్టుకుని తుడవబోయాను.

అద్దంలోంచి చూస్తే వెనక మడిలో పూత లేదు. "ఒరేయ్, ఈ మడికి ఇంకా పూత రాలేదేం రా?" అని కేకేశాను.

"వచ్చి శానా రోజులాయె. అద్దం తుడిచి చూడు," అన్నాడు లోపలి నుంచి.

తుడిచాను. మడి నిండా చిన్న చిన్న పసుపు పూలు. తుడవని చోట అద్దం మీది దుమ్ము రవ్వ కూడా కంటికి దాదాపు పువ్వంతే ఉంది. రవ్వల మధ్య పూలు కలిసిపోయాయి.

గుడ్డ అక్కడే పడేసి ఏరుడు గదికి పరుగెత్తాను. ఇక్కడ పరుగంటే ఎగిరెగిరి దూకడమే. రెండుసార్లు తల పైకప్పుకు కొట్టుకుంది.

బొమ్మలన్నీ ఒకే సైజు. అంటే చిన్నవాటిని ఎక్కువ సాగదీసి ఉంటారు. చిన్నవి, మసకవి, తేలికవి. సాగదీస్తే రవ్వ బయటపడుతుంది. పెద్దవాటి బొమ్మ వెన్న రాసినట్టు నున్నగా ఉంటుంది, తేలికవాటిది ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంటుంది. నేత్రికి ఎవరూ బరువు ఇవ్వలేదు. బరువు బొమ్మలోనే ఉంది. గరుకు కనబడితే చాలు, కాయను వెతక్కుండానే లేదని చెప్పేస్తోంది.

దొరికింది దొంగ.

నమోదు 7

సువర్చలకు చెప్పాను. ఆమె అప్పటికప్పుడు కూర్చుని, కాయ స్పష్టంగా ఉన్న బరువైన గెలాక్సీ ఒకటి తీసుకుని, దాని బొమ్మ మీద అలాంటి గరుకు రవ్వే చల్లింది. కాయ ఇంకా కనబడుతూనే ఉంది, జాగ్రత్తగా చూస్తే. నేత్రికి చూపించాం.

లేదు అంది.

ఇంకొకటి. లేదు. నున్నటి బొమ్మల్లో కాయ లేనిదాన్ని ఇస్తే ఉంది అంది. మామ తొడ చరిచాడు. నేను చప్పట్లు కొట్టాను. మండలి వారు ఇది గట్టిగా గీత గీసుకుని చదువుకోవాలి: నేత్రి పరీక్ష తప్పింది. ఏరుడు గది మూతపడదు. నా తమ్ముడు ఇక్కడే ఉంటాడు.

కదిరప్ప కొత్త కాయలు ఉడకబెట్టి తెచ్చాడు, గడప బయటే నిలబడి అందించాడు. చాలా రోజుల తర్వాత అన్నం సహించింది.

నమోదు 8

రాయాలని లేదు.

పొద్దున సువర్చల వచ్చింది. నవ్వు లేదు. "అక్కా, ఒక్కటడగనా?" అంది. అప్పటిదాకా ఈరమ్మగారూ అనేది.

"నేత్రి ఎవరి దగ్గర నేర్చుకుందో మీకు తెలుసు కదండీ. మీ పాత తీర్పులు చూసే నేర్చుకుంది. గరుకుగా ఉంటే లేదు అనడం దానికి పుట్టుకతో రాలేదండీ."

"అంటే మాకూ ఆ జబ్బే ఉందంటావు."

"నేననట్లేదండీ. మీరు కూడా ఓసారి కూర్చుంటే తెలుస్తుంది కదా."

కూర్చుంటానన్నాను. భయపడి కాదు, పొగరుగానే అన్నాను. గుడ్డ పరిచిన డబ్బా, వీపు వెనక మామ. ఎందులో రవ్వ చల్లిందో, ఎందులో చల్లలేదో మాకు చెప్పలేదు. ఎప్పటిలాగే ఏరాం. ఎప్పటిలాగే నాకు ఎక్కడా తడబాటు రాలేదు.

తర్వాత రవ్వ తీసేసి అవే బొమ్మలు పక్కన పెట్టి చూపించింది. నేను తొక్క వేసిన చోట కాయ ఉంది. పక్కదానిలోనూ ఉంది. పసిపిల్లకు చూపించినా పోల్చేంత పెద్ద కాయలు. మామ డబ్బాలోనూ తొక్కలే. గుడ్డ వేసి చప్పుడు ఆపాను, తాళం వేసి బరువు ఆపాను, తమ్ముణ్ని గడప దగ్గరే ఆపాను. నా కంటిని మాత్రం ఏనాడూ ఆపి అడగలేదు.

ఆమె ఇంకో బొమ్మ చూపించింది. ఇది రవ్వ చల్లింది కాదు. నిజంగానే తేలిక గెలాక్సీ, ఇదివరకు మేం లేదన్నదే. దుర్భిణి పెద్ద అద్దాన్ని దాని మీదే చాలాసేపు ఆపి, వెలుతురు పట్టి మళ్లీ తీయించిందట. గరుకు తగ్గింది. మధ్యలో చిన్న కాయ, రెండు బుర్రలు, మధ్యలో నొక్కు.

గట్టుకు ఇవతల ఒక కాయ.

అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. బరువైనవాటిలో కాయలు ఎక్కువన్న మాట నిజమే కావచ్చు. కానీ మధ్యలో గోడలాంటి ఆ గట్టు ఆకాశంలో ఉందో, మా కళ్లలో ఉందో ఇప్పుడు చెప్పలేం. నాకు ఏడుపు వచ్చింది, ఆమె ఎదురుగానే.

"నేత్రి సంగతి నేను రాస్తానండీ. అది నా పని," అంది సువర్చల. "మీ సంగతి మీరు రాయండి. రాయకపోయినా నేను ఎవరికీ చెప్పను."

నమోదు 9

ఎందుకు చెప్పదు? రోజంతా అదే ఆలోచించాను. నేను దాచిపెడితే ఎప్పటికైనా నా జుట్టు ఆమె చేతిలో ఉంటుందనా? లేక నిజంగానే జాలా? జాలిని అనుమానించడం నాకే సిగ్గనిపించింది, అయినా అనుమానించాను.

దాచిపెడితే నేత్రి ఒక్కటే తప్పినట్టు. గది ఉంటుంది, కదిరప్ప ఉంటాడు. రాస్తే ఇన్నేళ్ల ఏరుడూ బూడిదలో పోసినట్టే. పనికిరాని కళ్లకు ఇంత గాలి, ఇన్ని నీళ్లు ఎందుకని మండలి అడుగుతుంది.

తోటగదికి వెళ్లి వాడి పక్కన కూర్చున్నాను. జరిగిందంతా చెప్పాను. వాడు ఊడలు నొక్కడం ఆపలేదు.

"రాయకపోతే నువ్వు ఈడ్నే ఉంటావు," అన్నాను.

"రాస్తే?"

"ఎవురికి తెల్సు?"

చేతిలోని ఊడ నొక్కి ముగించాడు. తర్వాత మట్టి చేతులు దులుపుకున్నాడు.

"నువ్వు ఎవురినీ నమ్మవు. నిన్ను మాత్రం అందురూ నమ్మాల. అదేం న్యాయమక్కా?"

"నీ కోసరమే రా నా బాధ."

"నాకోసరం అబద్ధమాడినావని నువ్వు నన్ను రోజూ చూస్తావు చూడు, ఆ చూపు నేను మోయలేను. భూమి బరువన్నా మోస్తానేమో."

కన్నబిడ్డలాగా పెంచినవాడు అలా మాట్లాడితే ఏం చెయ్యాలి? నమోదు 8ని మొదట వేరే కాగితం మీద రాసుకున్నాను. దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ ఎక్కించి ఇవాళ మండలికి పంపాను. లింగమయ్య మామ కూడా కింద వేలిముద్ర వేశాడు, ఎవరూ అడగకుండానే.

నమోదు 10

జవాబు వచ్చింది.

నేత్రిని వెనక్కి పంపమన్నారు. గట్టు మాటను ప్రస్తుతానికి పక్కన పెట్టారు. బొమ్మలన్నింటికీ ఒకే గరుకు ఉండేలా సరిచేసి మొత్తం మళ్లీ ఏరాలి. తేలికవాటికి ఎక్కువ వెలుతురు పట్టాలి. అందుకు ఆవలిదిన్నె ఉండాల్సిందే, ఇంకో చోట ఆ పని కాదు. ఇంతవరకూ చదివి కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాతి వాక్యం. కొత్త ఏరుడుకు ఈ గదిలో ఎన్నడూ కూర్చోనివాళ్లే కావాలి. అలాంటివాడు దిన్నెలో ఒకడే ఉన్నాడని ఇంజినీరు సువర్చల తెలియజేశారు కాబట్టి కదిరప్పను మొదటి కుర్చీకి నియమించారు. మిగతావాళ్లు భూమి నుంచి వస్తారు. పాత ఏరుడువాళ్లు కొత్తవాళ్లకు దగ్గరలో ఉండకూడదు, వాళ్ల చూపు వీళ్లకు అంటుకుంటుంది. అందువల్ల ఏరుడుకు కూర్చున్న ప్రతి మనిషీ, అంటే కదిరప్ప తప్ప దిన్నె మొత్తం, వచ్చే ఓడలో కిందికి దిగాలి.

ఎంత వెతికినా ఆ నియమంలో లోపం కనబడలేదు. నన్ను రాయమన్నా అదే రాసి ఉండేదాన్ని.

సువర్చల కళ్లెత్తి చూడలేకపోయింది. "తోటలో అడిగింది అందుకేనండీ. నేత్రి తప్పు చేస్తోందని మొదట్నుంచీ నాకు గుబులుగా ఉంది. అంటుకోని కన్ను ఒక్కటైనా ఉందా అని చూసుకున్నాను. మిమ్మల్ని పంపించేస్తారనుకోలేదు."

నమ్మాను. అడగకుండా, తడిమి చూడకుండా నమ్మాను. నా జీవితంలో అలా నమ్మిన మనుషులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నమోదు 11

ఇది నా చివరి నమోదు. ఓడ బయట సిద్ధంగా ఉంది.

కదిరప్పను ఏరుడు గది గడప దాటించాను. చిన్నప్పుడు ఈ గడప దగ్గర కింద పడి దొర్లి ఏడ్చినవాడు, ఇవాళ లోపలికి రమ్మంటే కాళ్లు రావడం లేదు. నా కుర్చీలో కూర్చోబెట్టాను. డబ్బా అడుగున కొత్త గుడ్డ వేశాను. ఒక గిన్నెలో కాయలు, ఒక గిన్నెలో తొక్కలు పెట్టాను. మట్టి చేతులు కడుక్కుని వచ్చాడు, గోళ్లలో ఇంకా మట్టి ఉంది.

"అక్కా, నాకు భయమేస్తాంది. ఒక్క మాట చెప్పి పో. యాడ చూడాల? ముందు యాపక్క నుంచి చూడాల?"

నాకు తెలిసిందంతా నాలుక చివరిదాకా వచ్చింది. కడ్డీ అంచుల నుంచి మొదలుపెట్టు, నొక్కు దగ్గర కన్ను ఆపు, తొందరపడకు. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్న ఒకే ఒక్క విద్య. వాడికి అన్నం తినిపించడం నేర్పాను, నడక నేర్పాను, ఇది మాత్రం నేర్పకూడదు. ఒక్క మాట చెప్పినా వాడు నా కళ్లతో చూస్తాడు. నా కళ్లు ఏం చేశాయో నాకు తెలుసు.

"రోజూ నువ్వు పండించేదే కద రా. చూడు. ఉంటే కాయ ఎయ్, లేకుంటే తొక్క ఎయ్."

"అంతేనా?"

"అంతే."

"అక్కా, ఎవురన్నా వచ్చి ఇట్ల చూడు, అట్ల చూడు అంటే?"

"నమ్మొద్దు. ఎవురు చెప్పినా నమ్మొద్దు. భూమి మీద నుంచి నేను ఫోన్ చేసి చెప్పినా నమ్మొద్దు."

వాడు తల ఊపాడు. తెర మీద మొదటి బొమ్మ వచ్చింది. నేను అటు చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాను. కొంతసేపటికి వాడి చెయ్యి గిన్నెకు తగిలిన చప్పుడైంది, డబ్బాలో ఏదో పడింది. గుడ్డ పరిచింది నేనే కాబట్టి, అది కాయో తొక్కో నాకు తెలియలేదు.